ఇంటి సర్వర్‌కి బయటివాళ్లు ఎందుకు చేరలేరు?

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆటకు సర్వర్ ప్రోగ్రామును మొజాంగ్ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. ఇంట్లో ఉన్న ఓ మోస్తరు కంప్యూటర్‌లో దాన్ని నడిపించి, నలుగురు స్నేహితుల్ని పిలుచుకుని, సొంత లోకంలో ఆడుకోవచ్చు. వాల్‌హైమ్, టెర్రేరియా, ఫ్యాక్టోరియో లాంటి ఆటలకూ ఈ వెసులుబాటు ఉంది. చిక్కల్లా ఏమిటంటే, పక్క గదిలోని లాప్‌టాప్ నుంచి ఇట్టే కలిసిన ఆట వేరే ఊళ్లోని స్నేహితుడు చేరబోయేసరికి ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటుంది. అప్పుడు చాలామంది మొట్టమొదట చేసేది స్పీడ్ టెస్ట్. అందులో వంద ఎంబీపీఎస్ కనిపిస్తుంది. నెట్ బ్రహ్మాండంగా ఉంది, మరి ఆట ఎందుకు కలవదు? రూటర్ ఆపి మళ్లీ వేస్తారు. ఫైర్‌వాల్ మొత్తం తీసేస్తారు. ఏదో వీడియో చూసి పోర్ట్ ఫార్వర్డింగ్ పెడతారు. ఏదీ పనిచేయక ఆటనే తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. ఇంత శ్రమా వృథా కావడానికి కారణం చాలాసార్లు ఒక్కటే. మన ఇంటి నుంచి మొదలుపెట్టిన సంభాషణ ఎంత వేగంగా సాగుతుందో స్పీడ్ టెస్ట్ కొలుస్తుంది. ఆట కలవాలంటే సంభాషణను బయటివాడు మొదలుపెట్టి మన ఇంటిదాకా రాగలగాలి. ఇవి రెండూ వేర్వేరు సంగతులు. మన ఇళ్లకు వచ్చే ఇంటర్నెట్‌లో మొదటిది పుష్కలంగా ఉంది, రెండోది చాలా ఇళ్లలో అసలు లేదు. లేనిదాన్ని రూటర్ సెట్టింగులతో తెప్పించలేం. కాబట్టి ఏ సెట్టింగూ ముట్టుకోకముందే, బయటి నుంచి లోపలికి వచ్చే దారి మనకు ఉందో లేదో తేల్చుకోవాలి.

ఆ దారి మూసుకుపోయిన కథ 1981లో మొదలైంది. ఇంటర్నెట్ చిరునామాలకు ఆ ఏడాది ఖరారైన పద్ధతి ఐపీవీ4. అందులో ఒక్కో చిరునామా 32 బిట్లు, అంటే మొత్తం 429 కోట్ల చిల్లర. అప్పటి ప్రపంచ జనాభాకి తలా ఒకటి పంచినా చాలవు. కానీ అప్పట్లో ఈ వలకు తగిలించిన కంప్యూటర్లు ఉండేది విశ్వవిద్యాలయాల్లోనూ పరిశోధన సంస్థల్లోనూ కాబట్టి అది పెద్ద సంఖ్యగానే తోచింది. 1990ల మొదట్లోనే కొరత కనబడింది. 1994 మేలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఇంజనీర్లు ‘నాట్’ అనే ఉపాయాన్ని ఒక పత్రంలో వివరించారు. లోపలి కంప్యూటర్లు సొంత నంబర్లు వాడుకుంటాయి, బయటకు వెళ్లే సమాచారానికి మాత్రం మధ్యలోని యంత్రం అసలైన చిరునామాను తగిలిస్తుంది. దీర్ఘకాలిక పరిష్కారం వచ్చేదాకా గడుపుకోవడానికి ఇదొక తాత్కాలిక ఏర్పాటని వాళ్లే అందులో రాశారు. 1996లో 10తోనూ 192.168తోనూ మొదలయ్యే వరుసల్ని, ఇంకో వరుసనూ ఎవరైనా లోపల వాడుకోవచ్చని కేటాయించారు. ఆ తాత్కాలిక ఏర్పాటు మీదే ఇప్పటికీ ప్రపంచంలోని ఇళ్లు నడుస్తున్నాయి. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయి నిల్వలోని చివరి ఐదు బ్లాకులు పంచేశారు. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి చిరునామాలిచ్చే ఏపీనిక్ అదే ఏప్రిల్‌లో తన చివరి బ్లాకుకి వచ్చి, ఆపైన కొద్దికొద్దిగానే ఇవ్వసాగింది. మన దేశంలో 4జీ, ఫైబర్ కనెక్షన్లు ఊపందుకున్నది ఆ తర్వాతే. జియో సేవలు మొదలైంది 2016 సెప్టెంబర్‌లో. కోట్లమంది కొత్తగా చేరే వేళకి వాళ్లకు పంచడానికి సరిపడా చిరునామాలు లేవు.

నాట్ పనితీరును అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వాచ్‌మన్‌తో పోల్చి చూడవచ్చు. లోపలివాళ్లు ఫలానా చోటి నుంచి సామాను తెప్పించుకుంటున్నామని చెబితే అతను రిజిస్టరులో రాసుకుంటాడు, అది రాగానే ఆ ఫ్లాట్‌కి పంపిస్తాడు. రిజిస్టరులో లేని మనిషి వస్తే, ఏ ఫ్లాట్‌కి పంపాలో తెలియదు గనుక తిప్పి పంపేస్తాడు. మన రూటర్ చేసేది అచ్చం ఇదే. మనం ఒక వీడియో తెరిస్తే లోపలి నుంచి ఒక అభ్యర్థన బయటకు వెళ్తుంది, రూటర్ తన పట్టికలో ఒక వరుస రాసుకుంటుంది, తిరిగొచ్చిన సమాచారాన్ని ఆ వరుస చూసి మన ఫోనుకి అందిస్తుంది. సినిమాలు, వార్తలు, బ్యాంకు పనులు అన్నీ ఇలాగే లోపలి నుంచి మొదలవుతాయి కాబట్టి ఎవరికీ ఏ లోటూ తెలియదు. ఇంట్లో సర్వర్ పెట్టిన రోజునే మొట్టమొదటిసారి బయటివాడు ముందుగా పలకరించాల్సి వస్తుంది. పట్టికలో అతని పేరిట ఏ వరుసా లేదు. రూటర్ ఆ పలకరింపును వదిలేస్తుంది. ‘25565 నంబరు పోర్టుకి ఎవరొచ్చినా 192.168.1.20 అనే కంప్యూటర్‌కి పంపు’ అని ఆ పట్టికలో మనమే ఒక శాశ్వతమైన వరుస రాయడమే పోర్ట్ ఫార్వర్డింగ్. ఒకే చిరునామాలో ఉన్న పలు ప్రోగ్రాముల్లో సమాచారం దేనికి చేరాలో చెప్పే సంఖ్యే పోర్టు. మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్ మామూలుగా వినేది 25565 మీద, అదే ఆటలోని బెడ్‌రాక్ ఎడిషన్ సర్వర్ వినేది 19132 మీద.

ఇంతవరకూ చేతిలో ఉన్న పనే. చిరునామాలు మరీ కరువయ్యేసరికి కంపెనీలు ఇంకో మెట్టు పైకెక్కాయి. ఇంటికో చిరునామా ఇవ్వడం మానేసి, అనేక ఇళ్లను కలిపి ఒకే చిరునామా వెనక పెట్టాయి. దీన్ని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు, పొట్టిగా సీజీనాట్. 2012 ఏప్రిల్‌లో దీని కోసమే 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు సుమారు 42 లక్షల చిరునామాలు ప్రత్యేకించారు. వీటిని ఏ కంపెనీ అయినా తన వలలో వాడుకోవచ్చు, బయటి ఇంటర్నెట్‌లో మాత్రం ఇవి చెల్లవు. ఇప్పుడు పట్టికలు రెండు. ఒకటి మన రూటర్‌లోది, రెండోది కంపెనీ యంత్రంలోది. మొదటిదాంట్లో మనం ఎన్ని వరుసలైనా రాసుకోవచ్చు, రెండోదాంట్లో రాసే హక్కు మనకు లేదు. డాలస్‌లో ఉన్న స్నేహితుడి పలకరింపు కంపెనీ యంత్రం దగ్గరే ఆగిపోతుంది, మన రూటర్ దాకా రానే రాదు. పోర్ట్ ఫార్వర్డింగ్ వీడియోలు చూసి అక్షరం తప్పకుండా చేసినా ఫలితం లేకపోవడానికి అసలు కారణం ఇదే. ఆ వీడియోలు తప్పేమీ చెప్పవు. చాలావాటిలో ఒక షరతు మాత్రం చెప్పరు: మీ రూటర్‌కి బయట చెల్లే చిరునామా ఉంటేనే ఇదంతా పనిచేస్తుంది.

ఆ షరతు మన ఇంట్లో నెరవేరిందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు. బ్రౌజర్‌లో రూటర్ చిరునామా కొట్టి లోపలికి వెళ్లాలి, సాధారణంగా అది 192.168.1.1 లేదా 192.168.0.1. స్టేటస్ పేజీలో ‘వ్యాన్ ఐపీ’ అనో ‘ఇంటర్నెట్ ఐపీ’ అనో ఒక వరుస ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత మన చిరునామా చూపించే ఏదైనా వెబ్‌సైటు తెరిచి అక్కడి ఐపీవీ4 అంకెలతో పోల్చాలి. రెండూ ఒకటే అయితే దారి ఉన్నట్టు, పోర్ట్ ఫార్వర్డింగ్‌తో పని అవుతుంది. రూటర్‌లో 100.72 అనో 100.90 అనో మొదలై వెబ్‌సైటులో వేరే సంఖ్య కనిపిస్తే సీజీనాట్ ఉన్నట్టే. కొన్ని కంపెనీలు ఇదే పనికి 10తో మొదలయ్యే వరుసల్ని వాడతాయి. రూటర్ వ్యాన్ వరుసలో 192.168 కనబడితే సాధారణంగా సంగతి వేరు: కంపెనీవాళ్లు బిగించిన ఫైబర్ పెట్టె ఒక రూటరు, దానికి మనం తగిలించుకున్న మంచి వైఫై రూటరు ఇంకోటి, రెండూ నాట్ చేస్తున్నాయి. ఇది మన ఇంటి లోపలి చిక్కే. ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది నాట్ చేయని విధంగా, పెట్టించుకుంటే తీరుతుంది. ఇలా ఒక్క వరుస చదివితే వెతకాల్సింది మన ఇంట్లోనా, కంపెనీలోనా అన్నది తేలిపోతుంది. ఇంత తేలికైన పరీక్షను చివర్లో చేయడం, లేదా అసలు చేయకపోవడం చూస్తే బాధ కలుగుతుంది.

దారి ఉందని తేలాక కూడా ఆట కలవకపోవచ్చు. అప్పుడు వెతకాల్సిన క్రమం లోపలి నుంచి బయటికి. సర్వర్ నడుస్తున్న కంప్యూటర్‌లోనే ఆట తెరిచి, కంప్యూటర్ తనను తానే పిలుచుకునే చిరునామా అయిన 127.0.0.1కి చేరి చూడాలి. అది చేరకపోతే సర్వరే సరిగా లేచి ఉండదు. నెట్‌తో పనే లేదు, సర్వర్ రాసుకునే లాగ్ చదవాలి. చేరితే, అదే వైఫై మీద ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి సర్వర్ యంత్రపు 192.168 చిరునామాకి చేరి చూడాలి. ఇక్కడ ఆగిపోతే దాదాపు ఎప్పుడూ విండోస్ ఫైర్‌వాల్ పనే. సర్వర్‌ను మొదటిసారి నడిపినప్పుడు జావాకి అనుమతి ఇవ్వమంటారా అని విండోస్ అడుగుతుంది, తొందరలో క్యాన్సిల్ నొక్కుతారు, ఆ ప్రోగ్రామును అడ్డుకోమనే నియమం ఒకటి తయారై అక్కడే ఉండిపోతుంది. తర్వాత ఎన్ని అనుమతి నియమాలు చేర్చినా అది తొలగదు, ఎందుకంటే విండోస్‌లో ఆపమనే నియమానికే పైచేయి. మొత్తం ఫైర్‌వాల్ తీసేయాల్సిన అవసరమేమీ లేదు, ఆ ఒక్క నియమాన్ని వెతికి తుడిచేస్తే సరి. మూడో పరీక్ష బయటి నుంచి చేయాలి. లాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, మన బయటి చిరునామాకి చేరి చూడాలి. అదే వైఫై మీద ఉండి బయటి చిరునామాతో ప్రయత్నిస్తే ఫలితాన్ని నమ్మలేం. లోపలి నుంచి బయలుదేరి తన బయటి చిరునామాకే తిరిగొచ్చే సమాచారాన్ని చాలా రూటర్లు సరిగా తిప్పలేవు. బయటివాళ్లంతా చక్కగా ఆడుతున్నా, ఇంట్లోవాళ్లకు మాత్రం రాదు.

ఈ పరీక్షల్లో వచ్చే సందేశాన్ని జాగ్రత్తగా చదవడం అన్నిటికంటే ముఖ్యం. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’, ‘టైమ్డ్ అవుట్’ అనే రెండిటినీ చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. కానీ అవి రెండు విరుద్ధమైన సాక్ష్యాలు. రిఫ్యూజ్డ్ అంటే మన పలకరింపు ఒక యంత్రానికి చేరింది, ఆ పోర్టు మీద వినేవాళ్లు లేరని అది వెంటనే జవాబిచ్చింది. దారి బాగుంది, సర్వర్ నడవడం లేదు, లేదా వేరే పోర్టు మీద నడుస్తోంది, లేదా పలికింది వేరే యంత్రం. మైన్‌క్రాఫ్ట్‌లో విడిగా సర్వర్ పెట్టకుండా ‘ఓపెన్ టు ల్యాన్’ నొక్కితే ఆట తనకు తోచిన పోర్టును ఎంచుకోవడం మామూలు. రూటర్‌లో 25565 రాసి పెట్టుకున్నా అక్కడ వినేవాళ్లు ఉండరు. టైమ్డ్ అవుట్ అంటే అసలు జవాబే రాలేదు. సీజీనాట్, ఫైర్‌వాల్, తప్పు చిరునామా, ఆగిపోయిన కంప్యూటర్ అన్నీ ఇలాగే కనిపిస్తాయి. కాబట్టి రిఫ్యూజ్డ్‌ను గట్టి ఆధారంగా తీసుకోవచ్చు, మౌనాన్ని మాత్రం ఇంకో పరీక్షతో తేల్చుకోవాల్సిందే. ఇక ‘అవుట్‌డేటెడ్ సర్వర్’ అనో ‘యూజర్‌నేమ్ ధ్రువీకరించలేకపోయాం’ అనో వస్తే సంతోషించాలి. అంటే సమాచారం సర్వర్ దాకా వెళ్లి తిరిగొచ్చింది, తేడా వెర్షన్‌లోనో ఖాతాలోనో ఉంది. అలాంటప్పుడు రూటర్ జోలికి పోవడం దండగ.

పోర్టు తెరిచి ఉందో లేదో చెప్పే వెబ్‌సైట్ల మీద కూడా ఓ కన్ను వేసి ఉంచాలి. వాటిలో చాలామటుకు పరీక్షించేది టీసీపీ అనే పంపిణీ పద్ధతిని మాత్రమే. మైన్‌క్రాఫ్ట్ జావా టీసీపీతో నడుస్తుంది కాబట్టి దానికి అవి పనికొస్తాయి, అదీ సర్వర్ నడుస్తున్నప్పుడు చూస్తేనే. బెడ్‌రాక్, వాల్‌హైమ్, ఫ్యాక్టోరియో వాడేది యూడీపీ అనే ఇంకో పద్ధతి. అందులో టీసీపీలో లాగా ముందుగా చేతులు కలిపే తంతు ఏదీ లేదు, ఆటకు అర్థమయ్యే సందేశం వస్తేనే సర్వర్ పలుకుతుంది. అంతా సవ్యంగా ఉన్న వాల్‌హైమ్ సర్వర్‌ను కూడా ఆ వెబ్‌సైట్లు ‘క్లోజ్డ్’ అని చూపిస్తాయి. దాన్ని నమ్మి బాగున్న సెట్టింగుల్ని చెరిపేసుకునేవాళ్లు ఎందరో. రూటర్‌లో వరుస రాసేటప్పుడు టీసీపీకి బదులు యూడీపీ, యూడీపీకి బదులు టీసీపీ ఎంచుకోవడం కూడా తరచూ జరిగే పొరపాటు. ఇంకోటి, నిన్నటిదాకా బాగా నడిచి ఇవాళ ఆగిపోవడం. కరెంటు పోయి వచ్చాక సర్వర్ యంత్రానికి రూటర్ 192.168.1.20కి బదులు 192.168.1.23 ఇచ్చి ఉంటుంది, ఫార్వర్డింగ్ వరుస మాత్రం పాత అంకెనే చూపిస్తూ ఉంటుంది. రూటర్‌లోని ‘అడ్రస్ రిజర్వేషన్’తో ఆ యంత్రానికి ఒక చిరునామాను ఖాయం చేసేస్తే ఈ బెడద ఉండదు.

అంతా చిరునామా సమస్యేనా, వేగానికి ఏ పాత్రా లేదా అని అడగవచ్చు. ఉంది, కాకపోతే అది చేరిన తర్వాత మొదలయ్యే కథ. హైదరాబాద్ నుంచి డాలస్‌కి భూమి వంపు వెంట 14 వేల కిలోమీటర్లకు పైనే. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే తీగను సూటిగా వేయగలిగినా, వెళ్లి రావడానికి 140 మిల్లీసెకన్లు తప్పదు. సముద్రగర్భ కేబుళ్లు చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి వాస్తవంలో అది 200 దాటుతుంది. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకి 20 సార్లు, అంటే 50 మిల్లీసెకన్లకోసారి తన లోకాన్ని లెక్క కడుతుంది. డాలస్ ఆటగాడు ఎప్పుడూ నాలుగు లెక్కల వెనకే ఉంటాడు. ఇళ్లు కట్టుకునే ఆటలో అది సర్దుకుపోయే ఆలస్యమే, తుపాకుల ఆటలో భరించలేనిది. నెలకు ఎంత కట్టినా ఈ దూరం తగ్గదు. ఇదికాక, లాగ్‌లో ‘కాంట్ కీప్ అప్’ అని పదేపదే పడుతుంటే సర్వర్ కంప్యూటరే 50 మిల్లీసెకన్లలో లెక్క పూర్తి చేయలేకపోతోందని అర్థం, నెట్‌ను నిందించి లాభం లేదు.

మన చేతిలో ఉన్న ఆలస్యం ఒకటుంది, దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఇంట్లో ఎవరి ఫోనో పెళ్లి వీడియోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు అప్‌లోడ్ దారి నిండిపోతుంది. సమాచారం పోగొట్టుకోకూడదని రూటర్ దాన్ని పెద్ద వరుసలో నిలబెడుతుంది. ఆట పంపే చిన్న సందేశం కూడా ఆ వరుస చివరే నిలబడాలి. దాంతో 30 మిల్లీసెకన్లున్న పింగ్, అంటే సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం, కొన్ని వందలకు ఎగబాకుతుంది. దీన్ని ‘బఫర్‌బ్లోట్’ అంటారు, 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు దీన్ని గట్టిగా బయటపెట్టారు. ఎవరి వంతు వాళ్లకు న్యాయంగా ఇచ్చే పద్ధతి ‘ఎఫ్‌క్యూ కోడెల్’ 2018 జనవరిలో ఇంటర్నెట్ పత్రాల్లోకి ఎక్కింది, కొన్ని రూటర్లలో ‘ఎస్‌క్యూఎం’ అనే సెట్టింగు కింద దొరుకుతుంది. పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తూ పింగ్ చూసుకుంటే ఈ జబ్బు మన ఇంట్లో ఉందో లేదో తెలిసిపోతుంది. వంద ఎంబీపీఎస్ చూపించే స్పీడ్ టెస్టులో ఇది బయటపడకపోవచ్చు.

ఇక బలమైన ఆక్షేపణకు వద్దాం. బయటివాళ్లు లోపలికి రాలేకపోవడం మంచిదే కదా, అదే మనకు రక్ష కదా అంటారు. ఇందులో నిజం ఉంది, తీసిపారేయలేం. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జెడ్‌మ్యాప్ అనే పరికరంతో, ఒక్క కంప్యూటర్ నుంచి 45 నిమిషాల్లోపే ఐపీవీ4 లోకాన్నంతా ఒక పోర్టు మీద తట్టి చూడవచ్చని చూపించారు. ‘మా ఇల్లు ఎవరికి తెలుస్తుందిలే’ అనే ధీమాకు ఆనాడే కాలం చెల్లింది. 2016లో ఫ్యాక్టరీ పాస్‌వర్డ్లు మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల్లో లోబరుచుకున్న మిరాయ్ దాడి వెనక ఉన్న కుర్రాళ్ల నేపథ్యంలో మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల వ్యాపారంలోని పోటీ కూడా ఉంది. 2021 డిసెంబర్ 9న బయటపడిన లాగ్4షెల్ లోపం ఇంకా భయంకరమైంది. మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక ప్రత్యేకమైన వరుస టైప్ చేస్తే చాలు, సర్వర్ కంప్యూటర్‌లో టైప్ చేసినవాళ్లు కోరిన ప్రోగ్రాము నడిచేది. మర్నాడే మొజాంగ్ 1.18.1 వెర్షన్ విడుదల చేసింది. అప్‌డేట్ చేయని ఇంటి సర్వర్లు ఆ తర్వాత కూడా ప్రమాదంలోనే ఉన్నాయి.

అయితే ఈ ఉదంతాలు చెప్పేది జాగ్రత్త గురించి, చిరునామాలు పంచుకోవడం గురించి కాదు. మనం పిలవని సమాచారాన్ని ఆపే పనిని ఫైర్‌వాల్ చేయగలదు, దానికి నాట్ అక్కర్లేదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2007లోనే ఒక పత్రంలో, నాట్ లేకుండా అదే రక్షణను ఐపీవీ4 తర్వాతి పద్ధతి అయిన ఐపీవీ6లో ఎలా పొందవచ్చో వివరించింది. తేడా ఏమిటంటే, ఫైర్‌వాల్‌లో ఎవరిని రానివ్వాలో ఇంటివాళ్లు నిర్ణయించుకోవచ్చు. సీజీనాట్‌లో ఆ నిర్ణయం వాళ్ల చేతిలో లేదు. ఆట సర్వర్ విషయంలో ఆ నిర్ణయం తీసుకోవడమంటే కొన్ని పనులు చేయడమే. సర్వర్‌ను, జావాను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. వైట్‌లిస్ట్ వేసి తెలిసినవాళ్ల పేర్లే చేర్చాలి. ‘ఆన్‌లైన్ మోడ్’ తీసేయకూడదు. అది తీసేస్తే ఖాతాల తనిఖీ ఆగిపోతుంది, ఎవరైనా మీ పేరే పెట్టుకుని మీ అధికారాలతో లోపలికి వచ్చేయగలరు, వైట్‌లిస్ట్ కూడా ఆపలేదు. ఉచిత కాపీతో ఆడే స్నేహితుడి కోసం ఆ ఒక్క సెట్టింగు మార్చిన సర్వర్లు ఎన్ని పాడయ్యాయో ఆ ఆట ఆడేవాళ్లకు తెలుసు.

రెండో ఆక్షేపణ, ఇంత తంటా ఎందుకు, నెలకింతని కట్టి అద్దె సర్వర్ తీసుకుంటే పోదా అని. ముప్పై మంది ఆడే సర్వర్‌కి అది సరైన మాటే, అద్దె యంత్రానికి బయట చెల్లే చిరునామా ఉంటుంది, ఈ గొడవలేవీ ఉండవు. కానీ ఆట మొత్తం ఇతరుల యంత్రాల మీదే ఆధారపడితే ఏమవుతుందో చూశాం. 2014 మే 31న గేమ్‌స్పై సేవ మూతబడినప్పుడు, దాని మీద ఆధారపడిన ఎన్నో పాత ఆటల్లో ఆన్‌లైన్ విభాగం ఒక్కసారిగా ఆగిపోయింది. అభిమానులు సొంతంగా సర్వర్లు పెట్టుకున్న ఆటలు బతికి బయటపడ్డాయి. 2014లో వచ్చిన ‘ద క్రూ’ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఒంటరిగా కూడా ఆడలేకపోయారు. ఆటను ఇంట్లో నడుపుకోగలగడం కొన్న వస్తువు మన దగ్గర నిలవడానికి ఉన్న గట్టి హామీ. పైగా ఇది ఆటలతో ఆగేది కాదు. ఇంటి ఫొటోలను సొంత డిస్కులో పెట్టుకుని వేరే ఊరి నుంచి చూడాలన్నా, వేరే కంపెనీ క్లౌడ్ లేకుండా ఇంటి కెమెరా చూడాలన్నా ఇదే సీజీనాట్ గోడ అడ్డం వస్తుంది. పదో తరగతి పిల్లాడు ఆట సర్వర్ పెట్టబోయి పోర్టులూ ఫైర్‌వాల్‌లూ నేర్చుకుంటే, అది చిన్న చదువేమీ కాదు.

గోడ ఉందని తేలినవాళ్లకు ఈరోజు మూడు మార్గాలున్నాయి. మొదటిది కంపెనీని అడిగి పబ్లిక్ ఐపీ, అంటే బయట చెల్లే చిరునామా, తీసుకోవడం. కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు అదనపు రుసుముతో ఇస్తాయి, కొన్ని ఇళ్ల కనెక్షన్లకు ఇవ్వవు. రెండోది టెయిల్‌స్కేల్, జీరోటైర్ వంటి ప్రైవేటు వలలు. ఇరువైపుల కంప్యూటర్లూ ఒకే సమయంలో ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటాయి. రెండు పక్కలా నాట్ పట్టికల్లో వరుసలు పడతాయి. ఎవరూ పోర్ట్ ఫార్వర్డింగ్ చేయకుండానే దారి ఏర్పడుతుంది. ఇది ఆటను నెమ్మదింపజేస్తుందనే అనుమానం ఉంది. నేరుగా దారి కుదిరితే అదనపు ఆలస్యం చెప్పుకోదగ్గంత ఉండదు. కుదరకపోతే మధ్యలో ఎక్కడో ఉన్న యంత్రం మీదుగా సమాచారం తిరుగుతుంది, అప్పుడు పింగ్ పెరుగుతుంది. ఒక చిన్న హెచ్చరిక: టెయిల్‌స్కేల్ తన చిరునామాలను తీసుకునేది కూడా 100.64 వరుసలోంచే. అది ఎక్కించిన కంప్యూటర్‌లో 100తో మొదలయ్యే అంకె చూసి సీజీనాట్ అని తీర్మానించకూడదు, రూటర్ పేజీలోని అంకెనే చూడాలి.

మూడోది ఐపీవీ6, నా దృష్టిలో అసలైన మందు. 128 బిట్ల చిరునామాలు కాబట్టి పంచుకోవాల్సిన పనే లేదు, ఇంట్లోని ప్రతి యంత్రానికీ ప్రపంచమంతా చెల్లే చిరునామా వస్తుంది. దీని వాడకంలో భారత్ ప్రపంచంలోనే ముందువరుసలో ఉంది, అందులో మొబైల్ కంపెనీల పాత్ర పెద్దది. మరి సమస్య తీరిపోలేదేం? అవతలి స్నేహితుడి ఇంట్లోనూ ఐపీవీ6 ఉండాలి. మన రూటర్ బయటి నుంచి వచ్చే ఐపీవీ6 కనెక్షన్లను మామూలుగా ఆపేస్తుంది, అది ఉండాల్సిన రక్షణే. ఒక్క పోర్టుకి మాత్రం సడలింపు ఇచ్చే పేజీ కంపెనీ ఇచ్చిన చౌక రూటర్లలో కొన్నిటిలో ఉండదు. విండోస్ రోజులు గడిచేకొద్దీ మార్చుకునే తాత్కాలిక ఐపీవీ6 చిరునామాను స్నేహితుడికి ఇస్తే మర్నాటికి పనికిరాకపోవచ్చు, స్థిరంగా ఉండేదాన్నే ఇవ్వాలి. మైన్‌క్రాఫ్ట్‌లో టైప్ చేసేటప్పుడు దాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. ఇవన్నీ చిన్న అడ్డంకులే. చాలావాటిని కంపెనీలు ఒక్క రూటర్ అప్‌డేట్‌తో తొలగించగలవు. అడిగేవాళ్లు లేక తొలగించడం లేదు.

కాబట్టి కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు, ఎంబీపీఎస్ ఎంత, ఏ ఓటీటీలు ఉచితం అని అడగడంతో ఆగకండి. ఐపీవీ4లో పబ్లిక్ చిరునామా ఇస్తారా, నెలకెంత? ఐపీవీ6 ఉందా, మీరిచ్చే రూటర్‌లో బయటి నుంచి వచ్చే కనెక్షన్‌కి అనుమతిచ్చే సెట్టింగు ఉందా? ఈ ప్రశ్నలు బిగించడానికి వచ్చిన కుర్రాడికి అర్థం కాకపోతే కస్టమర్ కేర్‌కి రాతపూర్వకంగా పంపండి, జవాబు రాతలోనే తీసుకోండి.